24 వారాల గీత దేనికి గీశారు? పిండం ‘మనిషి’ అయ్యేది అక్కడేనా?

ప్రశ్న: కృష్ణాతీరం

నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థులకు వచ్చే వారం చర్చ పెడుతున్నాం. కడుపులో పిండం ఎప్పటి నుంచి మనిషి, అబార్షన్ ఎంతవరకు న్యాయం అన్నది అంశం. పిల్లలు ఇప్పటికే మూడు జట్లయ్యారు. ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే అని ఒక జట్టు. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనబడే ఆరో వారం నుంచి అని ఇంకో జట్టు. ‘చట్టంలో 24 వారాలని ఉంది, అంటే ప్రాణం అప్పుడే వస్తుందన్నమాట’ అనేది మూడో జట్టు.

ఈ మూడో మాట నాకు మింగుడుపడటం లేదు. 24 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకొకటి, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన 26 వారాల కేసులో ముందు సరేనన్నారు, వారం తిరిగేసరికి కాదన్నారు. అక్కడ న్యాయమూర్తులు అసలు ఏ ప్రశ్న దగ్గర విడిపోయారు? పిల్లలు నినాదాల దగ్గర ఆగిపోకుండా విషయం లోపలికి దిగాలని నా కోరిక. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

జవాబు 1: ఉమ్మనీరు

ముందు లెక్క సరిచేసుకోవాలండీ. మీ మూడు జట్లూ ఒకే లెక్క వాడటం లేదు. చట్టంలోనైనా, స్కాన్ రిపోర్టులోనైనా వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఫలదీకరణ దానికి దాదాపు రెండు వారాల తర్వాత. అంటే ‘ఆరో వారం’ అన్నప్పుడు పిండం వయసు నాలుగు వారాలు; నెల తప్పి రెండు వారాలే అయి ఉంటుంది. నెలసరి సక్రమంగా రానివాళ్లకు అప్పటికి అనుమానం కూడా రాదు.

ఇక ఒక్కో గీత దగ్గర లోపల ఏముంటుందో చూడండి. ఫలదీకరణ అయ్యాక ఆరో రోజుకు అటూ ఇటూగా పిండం గర్భాశయం గోడకు అంటుకోవడం మొదలుపెడుతుంది. ఆ కణాల ముద్దలో కొన్ని మాయ (ప్లాసెంటా)గా మారతాయి, కొన్ని బిడ్డగా. సుమారు 14వ రోజు దాకా అది రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. వెన్ను రాబోయే వైపు తొలి గీత (ప్రిమిటివ్ స్ట్రీక్) పడ్డాకే ‘ఇది ఒకే ఒక్కటి’ అని చెప్పగలం. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ ప్రయోగశాలలో పిండాలను 14 రోజులు దాటి పెంచకూడదని చెప్పడానికి ఇదొక ముఖ్య ఆధారం.

ఆరో వారంలో కనబడే మినుకు మినుకు కదలిక నిజమే. కానీ అప్పటికున్నది కొట్టుకుంటున్న ఒక గొట్టం. నాలుగు గదుల గుండె రూపం కట్టేసరికి పదో వారం అవుతుంది. గుండెకండరం మెదడు ఆజ్ఞ లేకుండానే కొట్టుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకోవడం వేరు, ఏదైనా తెలియడం వేరు. లోపలికొచ్చిన స్పర్శ, నొప్పి మెదడు పైపొరకు చేరాలంటే మెదడు లోపలి భాగమైన థాలమస్ నుంచి అక్కడికి నాడీతంతువులు పాకాలి. అవి చేరడం 24 వారాల ప్రాంతంలో మొదలవుతుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ప్రసూతి నిపుణులు 2022లో చెప్పింది, 28 వారాలకు ముందు పిండానికి నొప్పి తెలిసే అవకాశం తక్కువ అని. దీని మీద భిన్నాభిప్రాయం ఉన్న పరిశోధకులూ ఉన్నారు.

24 వారాలకు బిడ్డ బరువు సుమారు 600 నుంచి 650 గ్రాములు. ఊపిరితిత్తుల గాలితిత్తులు అతుక్కుపోకుండా కాపాడే ద్రవం తయారవడం అప్పుడప్పుడే మొదలవుతుంది. ముందే కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చేది 24 నుంచి 34 వారాల మధ్య, కారణం ఇదే. కాబట్టి 24 అనేది ‘బయటికొస్తే బతకవచ్చు’ అనే గీతకు దగ్గరగా ఉంది. ‘ప్రాణం వచ్చింది’ అనే గీతకు కాదు. కణాలు మొదటి రోజు నుంచీ సజీవమే, దాని మీద వైద్యంలో ఎవరికీ తగాదా లేదు.

పిల్లలకు తప్పక చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఈ వారాల అంకె మనం అనుకున్నంత గట్టిది కాదు. 11–13 వారాల స్కాన్‌లో తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలిస్తే తేదీ వారం లోపు తేడాతో తెలుస్తుంది. అదే మొదటి స్కాన్ 23వ వారంలో తీస్తే, తల చుట్టుకొలత, తొడ ఎముక చూసి చెప్పే తేదీకి రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు. రిపోర్టులో 24 వారాల 2 రోజులు అని ఉన్న బిడ్డ నిజానికి 22 వారాలది కావచ్చు, 26ది కావచ్చు. ఆ రెండు రోజుల మీద ఒక మనిషి హోదా నిలబెట్టడం ఎలాగో, ఆ అంకెను గట్టిగా పట్టుకున్న జట్టు చెప్పాలి.

జవాబు 2: వకీలు పేట

పై జవాబుకు చట్టం వైపు నుంచి కలుపుతాను.

మన అబార్షన్ చట్టం ‘పిండం ఎప్పుడు మనిషి’ అనే ప్రశ్నకు జవాబుగా పుట్టలేదు. నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని చనిపోతున్న ఆడవాళ్లను కాపాడటానికి పుట్టింది. శాంతిలాల్ షా కమిటీ 1964లో ఏర్పడింది, 1966లో నివేదిక ఇచ్చింది, 1971లో చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటి పరిమితి 20 వారాలు. 24 అనేది 2021 సవరణతో వచ్చింది.

20 ఎందుకు చాలలేదో లేబర్ రూమ్ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. పిండం అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ తీసేది 18 నుంచి 22 వారాల మధ్య. అందులో ఏదైనా తేడా కనబడితే ఉమ్మనీరు పరీక్షకు పంపుతారు. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. దంపతులు విషయం జీర్ణించుకుని ఒక నిర్ణయానికి వచ్చేసరికి పాత గడువు దాటిపోయేది. ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాకే సవరణ వచ్చింది.

ఇప్పుడున్న లెక్క ఇది. 20 వారాల దాకా ఒక అర్హతగల డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు కావాలి, అదీ నిబంధన 3బిలో చెప్పినవాళ్లకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం మధ్యలో భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇంకా కొన్ని వర్గాలు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని ఆడవాళ్లనూ ఇందులో చేర్చి చదవాలంది. 24 దాటితే పిండంలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం నిలబెట్టడానికి వెంటనే చేయాల్సి వస్తే 5వ సెక్షన్ కింద వారాల పరిమితే లేదు. గమనించండి, 20 వారాల లోపు కూడా చట్టం చెప్పేది ‘ఆమె కోరితే చాలు’ అని కాదు. కారణం ఉందని డాక్టరు నమ్మాలి. హక్కు ఆమెదని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాజ్యాంగం 21వ అధికరణం కింద గుర్తించినా, తాళం ఇప్పటికీ డాక్టరు చేతిలోనే ఉంది.

మరి చట్టం దృష్టిలో మనిషి ఎప్పుడు? నేర చట్టంలో ఒక వివరణ ఉంది. పాత శిక్షాస్మృతి 299లో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 100లో ఉంది. కడుపులోని బిడ్డ చావుకు కారణమవడం నరహత్య కాదు. కానీ బిడ్డ శరీరంలో ఏ భాగమైనా బయటికి వచ్చాక చంపితే, ఇంకా ఊపిరి తీయకపోయినా నరహత్య కావచ్చు. వారసత్వంలో మరో రకం: తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకు హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ వాటా ఇస్తుంది, అయితే సజీవంగా పుడితేనే. చట్టం పిండాన్ని కాపాడుతుంది, దాని పేర వాటా పక్కన పెడుతుంది. పూర్తి మనిషి హోదా మాత్రం పుట్టుకకే ఇస్తుంది. ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కన రాయించండి, మూడో జట్టు వాదన దానంతటదే సడలుతుంది.

జవాబు 3: పొలిమేర

నేను మొదటి జట్టు పక్షం. పై ఇద్దరూ చెప్పిన వివరాలు ఒప్పుకుంటూనే వాదిస్తాను.

‘బయటికొస్తే బతకవచ్చు’ అనే గీత తీసుకోండి. 25 వారాల బిడ్డకు హైదరాబాదులో మంచి నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రిలో బతికే ఆశ ఉంటుంది. అదే బిడ్డ పాడేరు కొండల మీద పుడితే, అంబులెన్సు కిందికి దిగేలోపే పోవచ్చు. బిడ్డలో ఏ తేడా లేదు, తేడా అంతా వెంటిలేటర్‌ది. ఒకరు మనిషా కాదా అన్నది దగ్గర్లో ఏ యంత్రం ఉందన్నదాన్ని బట్టి ఎలా తేలుతుంది?

మెదడు గీత ఇంకాస్త గట్టిదనిపిస్తుంది. 1994 అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం ఆగిపోవడాన్ని మరణంగా ఒప్పుకుంది కాబట్టి, మెదడు పనిచేయడం మొదలయ్యాకే మనిషి అనడం సమంజసమే కదా అంటారు. కానీ అక్కడ మరణం అనడానికి కారణం ఇక తిరిగి రాదని. పిండంలో మెదడు ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది. పోయినదాన్నీ రాబోయేదాన్నీ ఒక్క త్రాసులో తూచకూడదు. డాన్ మార్క్విస్ అనే తత్వవేత్త 1989లో చెప్పింది ఇదే: ఒకరిని చంపడం తప్పు అయ్యేది వాళ్ల ముందున్న జీవితమంతా లాగేసుకుంటున్నాం కాబట్టి. ఆ జీవితం పిండం ముందూ ఉంది.

చట్టం నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకోచోట. 24 వారాల తర్వాత లోపం ఉంటే తీసేయవచ్చు, లేకపోతే కూడదు. 24కి మనిషి అవుతుందని నమ్మితే, వైకల్యం ఉన్న బిడ్డ ఆ గీత దాటినా ఎందుకు మనిషి కాలేదు? దీనికి జవాబు చెప్పకుండా మనం వైకల్యం ఉన్నవాళ్ల ముఖం ఎలా చూస్తాం?

జవాబు 4: తర్కశాల

పొలిమేర గారి ఆఖరి ప్రశ్న న్యాయమైనది. దానికి చట్టం దగ్గర శుభ్రమైన జవాబు లేదు. అక్కడ కూడా చట్టం చూస్తున్నది తల్లికి కలిగే మనోవేదన, పుట్టిన బిడ్డ పడే బాధ. ఆ కారణం పుర్రె, మెదడులో చాలా భాగం లేకుండా ఎదిగిన పిండానికి సరిపోయినట్టు డౌన్ సిండ్రోమ్‌కు సరిపోదు. ‘తీవ్ర లోపం’ అన్న మాటను చట్టం నిర్వచించకుండా బోర్డుకు వదిలేసింది. చర్చలో దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

అయితే ఫలదీకరణ గీతకూ తన చిక్కులు తనకున్నాయి. 14 రోజుల లోపు ఆ ‘ఒక్క’ పిండం ఇద్దరు కావచ్చు. అయితే మొదటివాడు ఏమయ్యాడు? సంతాన సాఫల్య కేంద్రాల్లో గడ్డకట్టించి ఉంచిన పిండాల మాటేమిటి? సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం వాటిని పదేళ్ల వరకే దాచనిస్తుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అలబామా సుప్రీంకోర్టు గడ్డకట్టించిన పిండాలనూ పిల్లల కిందే లెక్కగట్టింది. అక్కడి కొన్ని క్లినిక్‌లు ఐవీఎఫ్ ఆపేశాయి. మరుసటి నెలలోనే క్లినిక్‌లకు రక్షణగా కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. పిల్లల కోసం తపించేవాళ్లనే ఆ గీత అడ్డుకుంది.

మన గ్రంథాలను ఉదాహరించేవాళ్లు మీ తరగతిలో తప్పక ఉంటారు, సిద్ధంగా ఉండండి. చరకుడు శుక్రం, శోణితం, జీవుడు కడుపులో కలిసినప్పుడే ‘గర్భం’ అన్నాడు. గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడితో కూడుతుందంటుంది. భ్రూణహత్యను మహాపాపాల్లో చేర్చిన పరంపరలోనే మనుస్మృతి గర్భస్రావానికి మైల ఎన్ని నెలల గర్భమైతే అన్ని రాత్రులని చెప్పింది. మూడు నెలలకు పోతే మూడు, ఆరు నెలలకు పోతే ఆరు. పళ్లు రాని పసిబిడ్డను దహనం చేయకుండా పూడ్చే ఆచారం నేటికీ ఉంది. ఒక్క క్షణంలో కాకుండా నెల నెలా బరువు పెరుగుతూ వచ్చే మనిషితనం ఆ లెక్కలో కనబడుతుంది. నాకు నిజానికి దగ్గరగా తోచేది ఇదే: నష్టం ఆరో వారంలోనూ నష్టమే, ఆరో నెలలో ఇంకా పెద్ద నష్టం.

ఇప్పుడు 2023 కేసు. పిల్లలు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నారని నా భయం. పిండం మనిషేనా అన్నది ఒకటి. మనిషే అనుకున్నా, ఇంకొకరి ఒంటిని తొమ్మిది నెలలు వాడుకునే హక్కు దానికి ఉందా అన్నది రెండోది. 1971లో జూడిత్ జార్విస్ థామ్సన్ అనే తత్వవేత్త ఇచ్చిన ఉదాహరణ దీనికోసమే. మీరు నిద్రలేచేసరికి, కిడ్నీలు పాడైన ఒక గొప్ప సంగీతకారుణ్ని మీ రక్తనాళాలకు తగిలించి ఉంచారు. తొమ్మిది నెలలు అలాగే పడుకుంటే ఆయన బతుకుతాడు. ఆయన మనిషే, సందేహం లేదు. అయినా గొట్టం తీసేసుకునే హక్కు మీకు ఉందా? చాలామంది ఉందంటారు. కానీ థామ్సన్ అక్కడే ఒక హద్దు పెట్టింది: విడదీసుకునే హక్కు ఉంది, విడదీశాక కూడా ఆయన బతికితే చంపే హక్కు లేదు.

మీరడిగిన 26 వారాల కేసు సరిగ్గా ఈ హద్దు మీద ఆగింది. ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాతి డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. బిడ్డకు పాలిస్తున్నందువల్ల నెలసరి లేదు, అందుకే గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. అక్టోబరు 9న జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బి.వి. నాగరత్న అనుమతి ఇచ్చారు. మర్నాడు ఎయిమ్స్ వైద్యుడి నుంచి మెయిల్ వచ్చింది: ఈ వయసులో ప్రసవం చేయిస్తే బిడ్డ ప్రాణంతో పుట్టవచ్చు, మరి గుండె ముందే ఆపాలా అని. ఇంగ్లండ్‌లో 21 వారాల 6 రోజులు దాటిన అబార్షన్లలో ముందుగా గుండె ఆపాలన్నదే వైద్య మార్గదర్శకం. లేకపోతే బిడ్డ సజీవంగా పుట్టి, నవజాత శిశు విభాగంలో నెలల తరబడి ఉండి, వైకల్యంతో మిగలవచ్చు. అంటే ‘విడదీయడం’, ‘చంపడం’ అనేవి వైద్యుడి చేతిలో రెండు వేర్వేరు పనులయ్యాయి. కోర్టు ముందు ఇచ్చిన ఉత్తర్వులో ఆ రెండో పని గురించి మాట లేదు.

11వ తేదీన ఇద్దరు న్యాయమూర్తులు విడిపోయింది అక్కడే. గుండె ఆపమని చెప్పడానికి జస్టిస్ కోహ్లీకి మనసు ఒప్పలేదు. పిండానికి తల్లికి వేరుగా వ్యక్తిత్వం లేదు, ఆమె నిర్ణయాన్నే గౌరవించాలి అన్నది జస్టిస్ నాగరత్న వైఖరి. 16న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం అనుమతి నిరాకరించింది. అప్పటికి 26 వారాల 5 రోజులు. తల్లికి వెంటనే ప్రాణాపాయం లేదు, పిండంలో లోపం కనబడలేదు, కాబట్టి చట్టంలో ఏ తలుపూ తెరుచుకోదన్నారు. కాన్పు ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, బిడ్డను దత్తతకు ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు అన్నారు. పిండం మనిషా అన్నది తేల్చకుండానే ఫలితం తేలింది. ఆమె డిప్రెషన్‌ను ఆ తూకంలో తేలిగ్గా తీసుకున్నారని నా అభిప్రాయం. ప్రాణాపాయం కాదంటే బాధ కాదని అర్థం కాదు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఒకటి మిగిలిపోయింది. పిండం పూర్తి మనిషి కాదంటే, ఆడపిల్ల అని తీయించుకోవడాన్ని తప్పు అని ఎలా అంటాం? తరగతిలో ఈ ప్రశ్న ఖాయం. ఇంకా, వార్డులో మా పిల్లలకు పనికొచ్చే జాగ్రత్తలుంటే చెప్పండి.

జవాబు 5: తర్కశాల

1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం అబార్షన్ జోలికి పోలేదు. స్కాన్‌లో ఆడా మగా అని చూసి చెప్పడాన్ని ఆపింది. నేరం అక్కడే మొదలవుతుంది కనుక. అందులో గాయపడేది పుట్టిన ఆడవాళ్లు. ‘నువ్వు పుట్టడమే అనవసరం’ అని ఊరంతా కలిసి వాళ్లకు చెప్పడం అది. పిండం మనిషి అని ఒప్పుకోకుండానే దాన్ని తప్పు అనవచ్చు. ఒక మాట గురించి జాగ్రత్త: ‘భ్రూణహత్య’ అనగానే వాదన మొదలుకాకముందే తీర్పు పడిపోతుంది. హత్య కావాలంటే చనిపోయింది మనిషి కావాలి, తేల్చాల్సింది అదే కదా. అలాగే ‘కణాల ముద్ద’ అన్నా రెండో వైపు తీర్పు పడిపోయినట్టే. చర్చంతా ‘పిండం’ అనే మాటే వాడమనండి. ‘వ్యక్తిత్వం’ కూడా వద్దు. మన వాడుకలో అది గుణగణాల మాట, వ్యక్తిత్వ వికాసం తరగతులు గుర్తొస్తాయి. ‘మనిషి హోదా’ అంటే సరిపోతుంది.

జవాబు 6: వకీలు పేట

వార్డు సంగతి నేను చెప్తాను, తప్పులు జరిగేది అక్కడే.

భర్త సంతకం, అత్తగారి సంతకం అడుగుతారు. చట్టం అడగదు. పద్దెనిమిది నిండిన ఆడమనిషైతే ఫారం ‘సి’ మీద ఆమె సంతకం ఒక్కటే చాలు; మైనరైతే, మానసిక అస్వస్థత ఉంటే సంరక్షకుల సంతకం కావాలి. అత్యాచార బాధితురాలిని ముందు ఎఫ్ఐఆర్ తెమ్మంటారు. ఆ అవసరం లేదని 2022 తీర్పు స్పష్టంగా చెప్పింది. మైనర్ కేసుల్లో పోక్సో కింద పోలీసులకు తెలపాలి, నిజమే. అయితే ఆ అమ్మాయి, సంరక్షకులు కోరితే పేరు, గుర్తింపు వివరాలు బయటపెట్టనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. రోగి పేరు బయటికి పొక్కితే అబార్షన్ చట్టం 5ఎ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు.

24 వారాలు దాటి బోర్డుకు వెళ్లే కేసులో గడువు గుర్తుంచుకోండి: దరఖాస్తు అందిన మూడు రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే దరఖాస్తు అందిన అయిదు రోజుల్లోపే ప్రక్రియ పూర్తి కావాలి. ‘కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి’ అని పంపేస్తే ఒక్కోసారి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. 24 దగ్గర వచ్చిన మనిషి 27కి చేరుతుంది, అప్పుడు గుండె ఆపాలా అనే ప్రశ్న అందరి నెత్తిన పడుతుంది. పై చర్చలో మనం తలపట్టుకున్న కేసుల్లో చాలా భాగం మొదటి రోజు కౌంటర్ దగ్గర సరైన కాగితం ఇచ్చి ఉంటే అంతదాకా వచ్చేవి కావు. మీ విద్యార్థుల చేత ఆ ఫారాలు ఒకసారి నింపించండి.